తప్పులేని ఒక్క స్లొవేనియన్ వాక్యం

పరాయి భాషలో తప్పులు మాట్లాడితే నలుగురూ నవ్వుతారని భయపడతాం కదా. అసలు భయపడాల్సింది ఒక్క తప్పు కూడా లేకుండా మాట్లాడినప్పుడని నాకు ఈమధ్యే తెలిసొచ్చింది. ఏం చేశానో చెప్తాను, మీ టీ చల్లారేలోపు అయిపోతుంది. మధ్యలో ఎవరూ జాలి మొహాలు పెట్టకండి, నాకు చిరాకు.

కెనడాలో, కేంబ్రిడ్జ్ అనే ఊళ్ళో మా టౌన్‌హౌస్‌లో ఇప్పుడు ఉండేది నేనొక్కదాన్నే. మా ఆయనకి సస్కటూన్‌లో విత్తనాల కంపెనీలో ఉద్యోగం. మా వాడికి ఆటవాలో చదువు. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, పూర్తిగా వర్క్ ఫ్రమ్ హోమ్. అంటే వంటింట్లోంచి ముందుగదిలోకి నడిస్తే ఆఫీసు, ముందుగదిలోంచి వంటింట్లోకి నడిస్తే ఇల్లు. మీటింగుల్లో ఎప్పుడూ మ్యూట్‌లో ఉంటాను. కొన్ని రోజులు మధ్యాహ్నం దాకా నోరు విప్పాల్సిన పనే పడదు. ఒకసారి మా మేనేజర్ ఉన్నట్టుండి "సుధా, నువ్వేమంటావ్?" అని అడిగితే, గొంతు తుప్పు పట్టిన గేటులా కిర్రుమంది. ఒంట్లో బాగాలేదేమో సెలవు పెట్టుకోమన్నాడు పాపం. మాట్లాడక గొంతు అలా అయిందని ఎలా చెప్తాం?

ఇంటివాళ్ళు పట్టించుకోరని కాదు. మా ఆయన రోజూ వీడియో కాల్ చేస్తాడు. ఏం తిన్నావ్, అక్కడ మైనస్ ఎంత, ఇక్కడ మైనస్ ఇంత. మా వాడికి నేను ఫోన్ చేస్తే "మామ్, కెన్ ఐ కాల్ యూ బ్యాక్?" అంటాడు. మర్యాదగానే అంటాడు. తిరిగి ఫోన్ మాత్రం రాదు.

మా గోడకి ఆవల మిల్కా ఆంటీ ఉంటుంది. ఎనభై దాటిన మనిషి. పడుచుదనంలో స్లొవేనియా నుంచి వచ్చి, ఇక్కడే బట్టల మిల్లులో పనిచేసి, భర్త పోయాక ఒక్కతే ఉంటోంది. పోయినేడాది స్ట్రోక్ వచ్చింది. కాళ్ళూ చేతులూ నెమ్మదిగా బాగయ్యాయి గానీ, ఇన్నేళ్ళు మాట్లాడిన ఇంగ్లీషు మాత్రం వెళ్ళిపోయింది. పుట్టిన భాష ఒక్కటే మిగిలింది. ఆవిడ కూతురు ఆన్యా ఓక్‌విల్‌లో ఒక కార్ల ఫ్యాక్టరీలో షిఫ్ట్ సూపర్‌వైజర్, ఆదివారాలు వచ్చి చూసిపోతుంది. "థాంక్యూ, బై, ఈ రెండూ ఉన్నాయి సుధా. మిగతాదంతా పోయింది" అని ఆన్యానే నాతో చెప్పింది.

కథ మంచుతో మొదలైంది. మా రెండు ఇళ్ళ డ్రైవ్‌వేలూ కలిసే ఉంటాయి. మంచు తోస్తూ తోస్తూ సరిగ్గా నడిమికి రాగానే పార ఆపేయడం నాకు బాగోలేదు, ఆవిడ వైపు కూడా తోసేశాను. మర్నాడు సాయంత్రం నాలుగింటికి తలుపు టకటకమంది. బెల్ ఉన్నా ఆవిడ నొక్కదు, వేలి ఉంగరంతో అద్దం మీద కొడుతుంది. చేతిలో నీలం అంచున్న తెల్లటి గిన్నె, దానిమీద ఇస్త్రీ చేసిన గుడ్డ. లోపల వాల్‌నట్ ముద్ద పరిచి చుట్టిన తీపి రొట్టె. దాన్ని పొతీత్స అంటారట. ఇంకా వేడిగా ఉంది. అక్కడే నిలబడి రెండు ముక్కలు తినేశాను.

గిన్నె తిరిగివ్వాలి కదా. మనింట్లో గిన్నె ఖాళీగా తిరిగివ్వడం ఉందా? మా అమ్మ అయితే ఇంట్లో ఇంకేమీ లేనినాడు చెంచాడు పంచదారైనా వేసి పంపేది. నేను మినప్పప్పు వేయించి, విసిరి, నెయ్యి పోసి సున్నుండలు చుట్టి పెట్టి ఇచ్చాను. ఆవిడ కళ్ళు పెద్దవి చేసి తీసుకుంది. హమ్మయ్య, లెక్క సరిపోయింది అనుకున్నా.

ఆ వారంలోనే మళ్ళీ టకటక. అదే గిన్నె, ఈసారి ఆపిల్ ముక్కలు నింపిన ష్ట్రూదెల్. నేను కొబ్బరి లౌజు చేశాను. ఆవిడ జున్ను చుట్టలేవో చేసింది. నేను గోధుమనూక హల్వా చేశాను. ఖాళీ గిన్నె ఇవ్వకూడదని వాళ్ళ ఊళ్ళోనూ ఉందని నాకేం తెలుసు? ఇద్దరిలో ఎవరో ఒకరు మర్యాద తప్పితే గానీ ఇది ఆగదు. నేను తప్పను. ఆవిడ అసలే తప్పదు.

ఇచ్చిపుచ్చుకునేటప్పుడు గుమ్మంలో కాసేపు నిలబడేవాళ్ళం. ఆవిడ స్లొవేనియన్‌లో ఏదో చెప్పేది, నేను ఇంగ్లీషులో ఏదో అనేదాన్ని, ఇద్దరం తల ఊపేవాళ్ళం. ఒకరోజు తెలివిగా ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ పెట్టాను. ఫోన్‌లోంచి ఆడగొంతు స్లొవేనియన్‌లో పలకగానే మిల్కా ఆంటీ మొహం వెలిగిపోయింది. నన్ను వదిలేసి ఫోన్‌తో మాట్లాడడం మొదలుపెట్టింది. ఆ ఫోన్ నాకు తర్జుమా చేసి చెప్పింది: "నువ్వు ఎవరి అమ్మాయివి? ఏ ఊరు? పెళ్ళయిందా?" ఆ ప్రశ్నలు నాకు కాదు, ఫోన్‌లో ఉన్న పిల్లకి. ఆ పిల్ల బదులు చెప్పకపోయేసరికి ఆంటీకి కోపమొచ్చింది. ఆపైన నేను ఫోన్ తీస్తే చాలు, చేత్తో పక్కకి నెట్టేసేది. అహంకారి పిల్లతో ఆవిడ మాట్లాడదట.

సరే, నేనే నేర్చుకుంటే పోలా అనుకుని ఆదివారం ఆన్యాని పట్టుకున్నాను. ముందు ఏ మాట నేర్చుకోమంటావ్ అంటే, నవ్వి "టేక్" అంది. "మీరిద్దరూ పొద్దస్తమానం చేసేది అదేగా, ఇవ్వడం, తీసుకోవడం."

ఒక్క మాటే కదా అని ఆఫీసు పని ఒక స్క్రీన్ మీదా స్లొవేనియన్ ఇంకో స్క్రీన్ మీదా పెట్టుకుని కూర్చున్నాను. ఏం ఒక్క మాట? ఇంగ్లీషువాడు టేక్ అని ఒక్కటి అనేసి చేతులు దులిపేసుకున్నాడు. వీళ్ళు అలా కాదు. చేత్తో తీసుకుంటే ఒక మాట. వస్తువుని మోసుకెళ్తే నెస్తి. మనిషిని కారులో ఎక్కించుకెళ్తే పెల్యాతి. ఒక పనికి టైమ్ పడితే త్రాయతి. ఫొటో తీస్తే స్లీకతి. చెప్పులు విప్పితే సెజూతి, చొక్కా విప్పితే మళ్ళీ వేరే. మొదట్లో ఇదేం పిచ్చి భాష అని తిట్టుకున్నాను. తర్వాత నా భాష కేసి చూసుకుంటే నోరు మూతపడింది. మనం మాత్రం? మాత్ర వేసుకుంటాం, ఫొటో తీస్తాం, టైమ్ పడుతుంది, పిల్లాణ్ణి దింపుతాం, గిన్నె పట్టుకెళ్తాం, తాంబూలం పుచ్చుకుంటాం. ఇన్నేళ్ళు మాట్లాడుతూ ఒక్కసారీ గమనించలేదు. ఆ సాయంత్రం ఎవరితోనైనా ఈ సంగతి చెప్పాలని ఎంత అనిపించిందో. మా ఆయనకి చెప్తే "ఓహో" అని, అక్కడ గాలి ఎక్కువగా ఉందన్నాడు.

ఉద్యోగం టెస్టింగ్ కదా, అన్ని సందర్భాలూ పాస్ అయ్యేదాకా నాకు నిద్రపట్టదు. ఇంట్లో తిరుగుతూ ఒక్కో క్రియనీ ఒక్కో వస్తువు మీద ప్రయోగించేదాన్ని. చీపురుకి నెస్తి. దుకాణం నుంచి వస్తూ కారులో పక్కసీటు మీద పెట్టిన బియ్యం బస్తాకి పెల్యాతి వాడొచ్చా అని ఆన్యాకి మెసేజ్ పెట్టాను. "బస్తాకి సీట్‌బెల్ట్ పెట్టారా?" అని బదులిచ్చింది. గుమ్మం దగ్గర మిల్కా ఆంటీ నా ఉచ్చారణ సరిచేసేది. నా గడ్డం పట్టుకుని నోరు ఎంత తెరవాలో చూపించేది. అప్పటికి నన్ను ఒక మనిషి ముట్టుకుని ఎన్నాళ్ళయిందో ఆ క్షణంలో తెలిసింది, అది మాత్రం నిజం.

ఇంతలో నా రక్తపరీక్ష వచ్చింది. డాక్టరమ్మ షుగర్ అంకె చూసి "ఇంట్లో ఏదైనా ఫంక్షనా?" అంది. మరోపక్క ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజ్ ముంచుకొస్తోంది. సాయంత్రమైతే నేను లడ్డూలు చుడుతూ మీటింగుల్లో కెమెరా ఆఫ్ చేసి కూర్చుంటున్నాను. ఇక లాభం లేదు, ఆవిడకి నచ్చజెప్పాలి, ఎలాగూ భాష వచ్చింది కదా అని నిర్ణయించుకున్నాను. మీరింక శ్రమ తీసుకోకండి అనాలి. చూశారా, అక్కడా తీసుకోవడమే. ఇంగ్లీషులోనూ టేకే. స్లొవేనియన్‌లో మాత్రం దానికి ప్రత్యేకంగా ఒక క్రియ ఉంది. పట్టుకున్నాను. వాక్యం కట్టాను. ఆన్యాకి పంపాను.

"ఇది నిజంగా చెప్పాలనుకుంటున్నారా?" అని అడిగింది.

"తప్పేమైనా ఉందా?"

"తప్పేమీ లేదు. బ్రహ్మాండంగా ఉంది."

అక్కడే నాకు వెలగాల్సింది. మనలో "అయ్యో, మీకెందుకండీ శ్రమ" అంటే అవతలివాళ్ళు ఏం చేస్తారు? "శ్రమేముందమ్మా, నోర్మూసుకుని తిను" అని ఇంకో గరిటె వడ్డిస్తారు. పుట్టినప్పటినుంచీ అదే చూశాను. వద్దనడం మన వంతు, వినకపోవడం వాళ్ళ వంతు. నేను వద్దంటాను, ఆవిడ కొంచెం బతిమాలుతుంది, చివరికి పదిహేను రోజులకోసారి అని రాజీకొస్తాం. నా లెక్క అది.

వాళ్ళ గుమ్మంలో నిలబడి, ఆఖరిసారిగా ఆవిడ గిన్నెలో బెల్లం గవ్వలు పోసి ఇచ్చి, ఊపిరి పీల్చుకుని అన్నాను: "నే త్రుదీతె సె వెచ్." ఇకపై మీరు శ్రమపడకండి. ఒక్క అక్షరం తడబడలేదు.

మిల్కా ఆంటీ నా మొహంలోకి కాసేపు చూసింది. "రజూమెమ్" అంది. అర్థమైంది అని. నా చెయ్యి ఒకసారి తట్టి, గిన్నె తీసుకుని, తలుపు మెల్లగా వేసుకుంది. బతిమాలలేదు. కనీసం "అదేంటమ్మా" అని కూడా అనలేదు.

నేను గంతులేసుకుంటూ ఇంటికొచ్చి మా ఆయనకి ఫోన్ చేశాను. "మొదటిసారికే అర్థమైపోయింది తెలుసా?" అని గొప్పలు పోయాను. ఆయన "నీ మాట మొదటిసారికే వినేవాళ్ళు కూడా ఉన్నారా?" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

రెండ్రోజులు సుఖంగా ఉంది. మూడోనాడు నాలుగింటికి కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాను. ఎందుకు లేచానో తెలీదు. కూర్చున్నాను. మర్నాడూ అదే. మీటింగ్ మధ్యలో టకటకమని వినిపించి, హెడ్‌సెట్ లాగిపారేసి పరిగెత్తాను. తలుపు తీస్తే కొరియర్ కుర్రాడు. నా చెవులకి నేనే ఆర్డర్ చేసుకున్న కొత్త హెడ్‌సెట్. తిరిగొచ్చేసరికి మీటింగులో అందరూ నవ్వుతున్నారు. పరిగెత్తేముందు మ్యూట్ తీసి ఉందట, "వస్తున్నా ఆంటీ!" అని తెలుగులో నేను పెట్టిన కేక టొరంటోలో కూర్చున్న డైరెక్టర్ దాకా వినిపించిందట.

ఒకరోజంతా ఎవరితోనూ మాట్లాడకుండా గడిచినప్పుడు నాకు సంగతి పూర్తిగా బోధపడింది. నేను ఆపింది స్వీట్లని కాదు. మా తలుపు తట్టే ఒకే ఒక్క మనిషిని నేనే ఎంతో కష్టపడి, వ్యాకరణం నేర్చుకుని మరీ ఆపేశాను.

సరే, బుద్ధొచ్చింది కదా, సరిదిద్దుకుందాం అని మినపగారెలు చేసి, మా గిన్నెలో పెట్టి పట్టుకెళ్ళాను. గారెలు తీపి కాదు కదా, కొత్త ఖాతా తెరిచినట్టు ఉంటుందని. మిల్కా ఆంటీ తలుపు తీసింది. గిన్నె చూసింది. రెండు చేతులూ అడ్డంగా ఊపి, "నే, నే. నే త్రుదీతె సె" అంది. నా వాక్యం నాకే. నేను చెప్పినదానికంటే స్పష్టంగా. నన్ను ఇబ్బంది పెట్టకూడదనుకుందేమో, ఆవిడ అంత గట్టిగా మాట మీద నిలబడింది. "థాంక్యూ. బై" అందావిడ, ఉన్న ఇంగ్లీషంతా ఖర్చుపెట్టి. గారెలు నేనే తిన్నాను, రెండు పూటలూ, కన్నీళ్ళు కారుతుండగా. సగం ఏడుపు, సగం పచ్చిమిర్చి.

ఆ తర్వాత వారమంతా రెండో స్క్రీన్ ముందు కూర్చుని "మాట వెనక్కి తీసుకుంటున్నాను" అన్నది కట్టాను. ఈసారి తెలుగు, ఇంగ్లీషు, స్లొవేనియన్ మూడూ ఒకే దారిలో వచ్చాయి. మూడింటిలోనూ మాటని వెనక్కి తీసుకోవడమే. సంతోషం పట్టలేక అద్దం ముందు బోలెడు సార్లు అప్పజెప్పుకున్నాను. ఆన్యాకి పంపి పాస్ చేయించుకున్నాను. నాలుగింటికి బయల్దేరాను. ఏ గిన్నే లేదు. మొదటిసారి ఒకళ్ళింటికి ఉత్త చేతులతో వెళ్తున్నా. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కోటు జేబుల్లో పెట్టుకున్నా.

ఆవిడ తలుపు తీసింది. నా చేతుల కేసి చూసింది, ఏమీ లేవు. ఏదో జరిగిందనుకుంది కాబోలు, మొహం మారిపోయింది. నాకు ఆ మొహం చూడగానే వాక్యం మొత్తం ఎగిరిపోయింది. క్రియ లేదు, కర్మ లేదు. నోట్లోంచి తెలుగే వచ్చింది.

"నాకు ఒక్కదానికి ఏమీ తోచట్లేదు ఆంటీ."

అనగానే ఏడుపొచ్చేసింది. యాభై ఏళ్ళు దాటిన దాన్ని, పక్కింటి గుమ్మంలో మంచు బూట్లతో నిలబడి. ఆవిడ నా కోటు పట్టుకుని లోపలికి లాగింది. "సెజూయ్ సె" అంది. ఏడుస్తూనే, ఆహా, ఇది బూట్లు విప్పమనడం, సరైన క్రియే అని గుర్తించాను, చూడండి నా ఖర్మ. కుర్చీ చూపించి "సేది" అంది. కాఫీ పెట్టింది. తర్వాత ఆన్యాకి ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేసి చాలాసేపు ఏదో చెప్పింది. అవతల ఆన్యా నవ్వింది.

"సుధా, అమ్మ ఏమంటోందంటే, మీరు ఆపమన్నందుకు తనకి ఎంతో హాయిగా ఉందట. ఓవెన్ దగ్గర నిలబడి మోకాళ్ళు పట్టేస్తున్నాయట. ఎలా ఆపాలో తెలియక చేస్తూ వచ్చిందట. మర్యాదగా వద్దనడం ఇంగ్లీషులో ఎలాగో నన్ను కూడా అడిగింది."

"మరి నువ్వు నాకు చెప్పలేదే?"

ఆన్యా కొంచెం నసిగింది. "అమ్మ స్వీట్లు ఎక్కువ తినకూడదు. మీరిచ్చినవన్నీ ఆదివారం నాకే ఇచ్చేసేది. మా షిఫ్ట్ వాళ్ళకి సున్నుండలు అలవాటైపోయాయి. ఆగిపోయాక అందరూ నామీద అలిగి ఉన్నారు."

నా ఆరోగ్యం, నా రిలీజ్, నా నెయ్యి, అన్నీ ఓక్‌విల్‌లో కార్లకి తలుపులు బిగించేవాళ్ళ పొట్టల్లోకి వెళ్ళాయన్నమాట.

"అలాంటప్పుడు ఆవిడ ఇన్నాళ్ళూ ఎందుకు చేసింది? నేరుగా వచ్చి పలకరించొచ్చుగా?" అన్నాను.

ఆన్యా అడిగింది. మిల్కా ఆంటీ కాఫీ కప్పు వైపు చూస్తూ నెమ్మదిగా రెండు ముక్కలు చెప్పింది.

"నాకు మాటలు లేవు కదా, గిన్నె లేకుండా ఏమని తలుపు తట్టను అంటోంది."

నాకు మూడు భాషలున్నాయి, అయినా ఇన్నాళ్ళూ నేనూ గిన్నె లేకుండా ఆ తలుపు తట్టలేదు.

ఇప్పుడు రోజూ వెళ్తున్నాను. ఆవిడ ఏమీ వండదు, నేనేమీ పట్టుకెళ్ళను. కిటికీ దగ్గర కూర్చుంటాం. ఆవిడ ఏదో అల్లుకుంటుంది, నేను రోడ్డు చూస్తుంటాను. ఒక్కోరోజు గంటసేపు ఇద్దరం ఒక్క ముక్క మాట్లాడం. నిన్న అక్కడుండగా మా ఆయన ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నావ్?"

"మిల్కా ఆంటీ ఇంట్లో."

"ఏం చేస్తున్నారు?"

"ఏమీ లేదు."

"ఏమీ చేయకుండా అంతసేపా?"

ఈ దేశంలో ఏమీ చేయకుండా కూర్చోగలిగే ఇల్లు ఒకటి దొరకడానికి నాకు ఇన్నేళ్ళు పట్టిందండీ అన్నాను. ఆయన ఈసారి గాలి సంగతి ఎత్తలేదు. పాపం, మనసుకి తగిలినట్టుంది. అందులో ఆఖరి రెండు మూడు వారాలు పూర్తిగా నా తెలివితేటల వల్లే పట్టిందని మాత్రం చెప్పలేదు.